పథ్యం తప్పిన వైద్యుడు

అరకు సంతలో చాప పరిచి మందులమ్మే వైద్యుడు వరహాలరావుకు ఒక చెయ్యి పొట్లాలు కట్టడానికీ, రెండో చెయ్యి గోక్కోవడానికీ సరిపోయేది. శృంగవరపుకోట నుంచి ఎద్దుబండి మీద కొండెక్కిన ఏడాదే, చలికాలంలో, అతని పిక్కల మీద తామర లేచింది.

"నన్ను సూశాక కూడా మందు కొంతన్నారంటే మీది గట్టి గుండే!" అని తనే ముందు అనేసేవాడు. ఎవరో అనేలోపు తాను అనేసుకుంటే నొప్పి తక్కువని అతని లెక్క.

మందు మంచిదే. లోపలికి చండ్రచెక్క కషాయం, పైకి కానుగనూనె. చిక్కంతా పథ్యం దగ్గరే వచ్చేది. వంకాయ వద్దు, ఎండుచేప వద్దు, పులుపు వద్దని పగలంతా గొంతు చించుకుని, ఇంటికెళ్ళి భార్య రాజులమ్మ వండిన ఎండుచేపల పులుసు లొట్టలేసుకుంటూ తినేవాడు.

ఒక సంతనాడు గాసి వచ్చాడు. కొండ మీద సామలు పండించే రైతు. మోచేతుల మీద అదే తామర. పథ్యమంతా ఓపిగ్గా విని, వైద్యుడి పిక్కల వంక చూశాడు.

"బాబూ, ఇయన్నీ నువ్వు మానేసినావా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే కాలు దురద పెట్టింది. వరహాలరావు గోక్కుని, నిట్టూర్చాడు.

"నేదు గాసీ. నిన్ననే పులుసు తిన్నాను."

"మరి నానెందుకు మానాల?"

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. వరహాలరావూ నవ్వాడు గానీ చెవులు వేడెక్కాయి.

"అయితే ఇద్దరం కలిసే మానేద్దాం. ప్రతి సంతకీ నీ సేతులూ నా కాళ్ళూ పక్కపక్కన పెట్టి సూద్దాం."

మరుసటి సంతకు గాసి చేతులు నెమ్మదించాయి. వైద్యుడి కాళ్ళు మాత్రం ఎర్రగా మండుతున్నాయి.

"ఏటి తిన్నావు బాబూ?"

"గోంగూర. కొంచెమేలే."

"ఎంత కొంచెం?"

"కుండలో మిగిలిందంతా."

ఆ రోజు ఇంటికి వెళ్ళి, ఇక పులుపు పెట్టనని రాజులమ్మ చేత ఒట్టు వేయించుకున్నాడు. పెసరకట్టూ పొట్లకాయా చావుభోజనంలా మింగాడు. మధ్యలో గాసి పండగపూట వేటమాంసం తిని చేతులు పుండు చేసుకొస్తే, వరహాలరావుకు లోలోపల ఎంత సంతోషం కలిగిందో! ఆ సంతోషానికి తనను తానే తిట్టుకున్నాడు. ఎండాకాలం వచ్చేసరికి ఇద్దరికీ దురద అణిగింది.

చలి తిరగగానే తామర మళ్ళీ తొంగి చూసింది. "పూర్తిగా పోదు గాసీ. పిలవకండా వచ్చే సుట్టం. సప్పిడికూడు పెడితే బేగి లేచిపోతాది" అన్నాడు వరహాలరావు.

ఇద్దరూ పొద్దుటెండలో కూర్చుని నూనె రాసుకుంటుంటే, కొత్తగా వచ్చినవాళ్ళు "ఇందులో వైద్యుడెవరు?" అని అడిగేవారు. వరహాలరావు నవ్వు బిగబట్టుకుని గాసిని చూపించేవాడు.