ముందుగదిలో ఆగిన బస్సు

మా పక్కింటి డ్రైవరు ఇరవై రెండేళ్లు సిటీ బస్సు నడిపాడు. కోడిపిల్లకైనా చక్రం తగలనివ్వని మనిషి. అలాంటివాడికి ఉన్నట్టుండి నిద్ర కరువైంది. ఆ సంగతి అందరికంటే ముందు నాకే తెలిసింది. రెండిళ్లకీ మధ్య ఒక్కటే గోడ, అదీ పలుచన. నా మంచం ఆ గోడ పక్కనే వేయించుకున్నాను.

కారణం చాలా చిన్నది. ఒకరోజు ఆఖరి ట్రిప్పు అయ్యాక బస్సును డిపోలో పెట్టి తాళం వేసి వచ్చేశాడు. వెనక సీట్లో ఒక ముసలాయన నిద్రపోతున్నాడు. తెల్లారి తలుపు తీస్తే ఆయన ఒళ్లు విరుచుకుని, "మా స్టాపు వచ్చిందా బాబూ?" అని అడిగాడట. ముసలాయనకేమీ కాలేదు. అయిందంతా మా డ్రైవరుకే. ఆ రోజు నుంచి కన్ను మూస్తే చాలు, వెనక సీటు చూశానా లేదా అని ఒకటే అనుమానం. లేచి, చొక్కా తగిలించుకుని డిపోకు పరుగు. సీట్ల కింద టార్చి వేసి చూసుకుని వచ్చేవాడు. అరగంటకు మళ్లీ పరుగు.

"అన్నా, నువ్విక్కడే పరుపేసుకోరాదూ? గేటు తీయలేక చస్తున్నా" అన్నాడు డిపో కాపలావాడు.

వేడిపాలు తాగాడు. అరికాళ్లకు నూనె రాయించుకున్నాడు. అంకెలు లెక్కపెట్టమని నేనే చెప్పాను.

"నలభై మూడు దాకా బాగానే వెళ్తోంది పిన్నీ. నలభై నాలుగోవాడు దిగాడో లేదోనని లేచి కూర్చుంటున్నా."

చివరికి ఒక పట్టపగలు, ఎర్రదీపం దగ్గర ఆగిన బస్సులో స్టీరింగు మీద తల వాల్చేశాడు. దీపం మూడుసార్లు పచ్చబడినా బస్సు కదల్లేదు. డిపో మేనేజరు పిలిచి, "సోమవారం డాక్టరు నిన్ను పరీక్ష చేస్తాడు. అప్పటికీ ఇలాగే ఉంటే ఇక బస్సులు నడపక్కర్లేదు, కడుగుదువుగాని" అనేశాడు. ఆ మాట నాతో చెప్పి, చొక్కా తగిలించుకుని మళ్లీ డిపోకు పరిగెత్తాడు.

ఉపాయం అతని భార్యకు తట్టింది. "బస్సు డిపోలో ఉంటేనే కదా ఈ పరుగులు? ఇంట్లోనే పెట్టేద్దాం" అంది. ముందుగదిలో రెండేసి చొప్పున నాలుగు కుర్చీలు వేసింది. వాటి ముందు అతని మంచం. ప్రయాణికులం నేను, మంగలి, కుట్టుమిషను ఆవిడ, రిటైరైన లెక్కల మాస్టారు. తొమ్మిదింటికి ఎక్కాలి. ఆమె గ్లాసును చెంచాతో కొట్టినప్పుడల్లా ఒకరు దిగి ఇంటికి పోవాలి. తర్వాత అతను కుర్చీలన్నీ తడిమి, కిందికి వంగి చూసి, "ఖాళీ" అని పడుకోవాలి.

మొదటి రాత్రే గురక గోడ దాటి వచ్చింది. కాని గంటకే లేచి మళ్లీ కుర్చీలు తడిమాడు. అలా ఆరు రాత్రులు గడిచాయి.

ఆదివారం రాత్రి బస్సులో గొడవ లేచింది.

"రోజూ కిటికీ పక్కన నువ్వేనా? మేం మనుషులం కామా?" అంది కుట్టుమిషను ఆవిడ.

"ముందెక్కినోడిదే సీటు. పొద్దున్నే వచ్చి రుమాలేసి పోయాను" అన్నాడు మంగలి.

"నా స్టాపు దాటిపోయింది. బండి వెనక్కి తిప్పించండి" అన్నారు మాస్టారు.

"తిప్పితే మేం దిగం!" అన్నారు మిగతా ఇద్దరూ.

ఆమె గ్లాసు కొట్టి కొట్టి అలిసిపోయింది. ఒక్కరూ దిగలేదు. పదకొండయింది. డ్రైవరు కళ్లు మిరపకాయల్లా ఉన్నాయి. మంచం మీంచి ఒక్కసారి లేచి, "దిగండి! అందరూ దిగండి! బండి ఇక కదలదు!" అని అరిచాడు. దొరికినవాళ్లను దొరికినట్టు బయటికి నెట్టి, చెప్పులు వాళ్ల వెనకే విసిరి, గడియ వేసి మంచం మీద పడ్డాడు. కుర్చీలు తడమలేదు. కిందికి వంగి చూడలేదు.

అప్పుడు నేను వాళ్ల వంటింట్లో ఉన్నాను. తగువు ఇప్పట్లో తెగదని, ఈలోగా మూత పెట్టిన గిన్నెలో ఏముందో చూద్దామని వెళ్లాను. తిరిగి వచ్చేసరికి మనిషి గురక పెడుతున్నాడు. తలుపు అతని తలాపిన ఉంది.

అతని భార్య నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. "పిన్నిగారూ, మీకు దణ్ణం పెడతా. ఆ గడియ తీస్తే కీచుమంటుంది. లేచి మిమ్మల్ని చూశాడా, బస్సులో మనిషి ఉండిపోయిందని మళ్లీ జన్మలో పడుకోడు."

"మరి నేనెలా పోనే?"

"పోకండి."

తెల్లవార్లూ పీట మీద కూర్చున్నాను. తుమ్ము వస్తే కొంగు నోట్లో కుక్కుకున్నాను. పొద్దున అతను స్నానానికి వెళ్లాక ఆమె నన్ను బయటికి తోసింది. గుమ్మంలో మా కోడలు ఎదురైంది. "రాత్రంతా ఎక్కడున్నారత్తయ్యా?" అంది. "బస్సు లేటయిందే" అన్నాను.

డాక్టరు కళ్లు చూసి, నాలుక చూసి, బస్సు తీసుకోమన్నాడు. సాయంత్రం డ్రైవరు నేరుగా మా ఇంటికే వచ్చాడు.

"పిన్నీ, రాత్రి నేను ఒక్క కుర్చీ కూడా చూళ్లేదు. అయినా ఎవరన్నా ఉండిపోయారా? లేదు కదా! ఊరికే చచ్చాను ఇన్నాళ్లూ."

"ఎవరుంటారు నాయనా, నీ పిచ్చిగాని!" అన్నాను నడుము పట్టుకుంటూ.

నిరుడు అతను రిటైరయ్యాడు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.