పెద్దాయన ఫోల్డరు

ఆ వీధి ఆఫీసుల్లో ఆమెను అందరూ వైరమ్మ అనే పిలుస్తారు. భర్త పోయాక ఆయన చేసే కంప్యూటర్ల, వైర్ల పనే పట్టుకుంది. ఆడమనిషికి ఈ పనేమిటని నలుగురూ నవ్వుతుంటే, "చేయనివ్వండయ్యా, పాడైతే నా సామానేగా" అని మొదటి పని ఇచ్చింది పెద్దాయనే. ఆయనా, ఆయన తమ్ముడూ కలిసి నడిపేది బిల్డింగులకు ప్లాన్లు గీసే చిన్న ఆఫీసు. గీసినవన్నీ ఒకే డ్రైవులో ఉంటాయి. ఎవరి బల్ల దగ్గర నుంచైనా తెరుచుకోవచ్చు. దాన్ని అమర్చింది వైరమ్మే.

ఓ ఉదయం పెద్దాయన ఫోన్ చేశాడు. "డ్రైవు నా మీద అలిగిందమ్మా. ప్లాన్ల ఫోల్డరు నొక్కితే అనుమతి లేదు పొమ్మంటోంది. తమ్ముడికి మాత్రం తెరుచుకుంటోంది."

వైరమ్మ వచ్చి కేబుల్ మార్చింది. పాస్‌వర్డు కొత్తది పెట్టింది. ఆయన పేరుతో వేరే కంప్యూటరులో తెరిచి చూస్తే అక్కడా అదే మొండికేత. అంటే తప్పు కంప్యూటరుది కాదు. డ్రైవు లోపలికెళ్లి చూసింది. ఫోల్డరు తెరిచే హక్కున్నవాళ్లలో పెద్దాయన పేరు లేదు. ఎవరో కావాలనే తీసేశారు.

"అక్కా, ఒక్కసారి బయటికి రా" అన్నాడు వెనక నుంచి తమ్ముడు.

వరండాలోకి వచ్చాక అతను తలుపు దగ్గరికి వేశాడు. "ఆ పేరు తీసేసింది నేనే. అన్నయ్యకు మతిమరుపు జబ్బక్కా. పూర్తయిన ఆస్పత్రి ప్లాను తెరిచి, స్తంభాలన్నీ పక్కకి జరిపి సేవ్ చేసేశాడు. కట్టేవాళ్లు దాన్ని చూసి పునాదులు తవ్వేశారు కూడా. తను చేసినట్టు తనకే తెలీదు. నాకు పెన్సిలు పట్టడం నేర్పినవాడితో ఏమని చెప్పను? డ్రైవే పాడైందని చెప్పు, నీకు పుణ్యముంటుంది."

ఆమె లోపలికొచ్చి, "బాగవ్వడానికి కాస్త టైం పడుతుంది అన్నయ్యగారూ" అంది.

"నీ చేతిలో పడ్డాక బాగుపడక ఏంచేస్తుందిలే" అని నవ్వాడాయన.

ఆ తర్వాత అదే ఫోను, అదే అబద్ధం. ఓ రోజు మాత్రం ఆయన ఆమె చేతిలోంచి మౌస్ లాక్కున్నాడు.

"నీకు చేతకాని పనేం కాదిది. నిజం చెప్పు. నన్నే బయట పెట్టారా?"

తమ్ముడు కుర్చీ లాక్కుని అన్న పక్కన కూర్చున్నాడు. "అవునన్నయ్యగారూ" అంది ఆమె, ఎందుకో కూడా చెప్పేసింది.

"ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

"లేదన్నయ్యా" అన్నాడు తమ్ముడు.

"బతికించావురా" అని ఆయన మౌస్ తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

మర్నాటికి అంతా మరిచిపోయాడు. మళ్లీ ఫోను. రోజూ చెప్పి రోజూ చంపడం వైరమ్మ వల్ల కాలేదు. పాత ప్లాన్ల నకళ్లతో ఇంకో ఫోల్డరు చేసి, ఆయన ఒక్కడికే తెరుచుకునేలా పెట్టింది.

"చూశావురా, బాగుచేసేసింది!" అని మురిసిపోయాడు పెద్దాయన. జనం ఎప్పుడో కాపురం పెట్టేసిన ఇళ్లకు పొద్దంతా గీతలు గీసేవాడు. "కట్టేవాళ్లకు పంపించావా?" అని ఆయన అడిగితే, "పంపించేశానన్నయ్యా" అనేవాడు తమ్ముడు.

కొన్నాళ్లకు ఆయన ఆఫీసు దారి కూడా మరిచి, ఇంటిపట్టునే ఉండిపోయాడు. డ్రైవులో జాగా నిండిపోయింది.

"ఆ ఫోల్డరు తీసేయక్కా. నాకు చేతులాడట్లేదు" అన్నాడు తమ్ముడు.

వైరమ్మ ఒక్కసారి తెరిచి చూసింది. చివరి ప్లానులో గోడలన్నీ ఉన్నాయి, ఒక్క తలుపూ లేదు. మూసేసి, తీసేయమని నొక్కింది. ఖాయమేనా అని కంప్యూటరు అడిగింది. అవునని నొక్కి, పక్క ఆఫీసులో ప్రింటరు పనుందని సంచీ తీసుకుని వెళ్లిపోయింది.