దూది మబ్బుల స్వర్గం

నన్ను పిసినారి నిర్మాత అనేవారు. అననీ. కరీంనగర్ నుంచి ట్రంకు పెట్టెతో మద్రాసు పోయి, నాలుగు సినిమాలు తీసి నిలబడ్డవాణ్ణి. ముడి ఫిల్ము దొరకడమే గగనమైన రోజులవి. అందుకే నా దగ్గర నటులు పదిసార్లు రిహార్సల్ చేయాలి, కెమెరా ఒక్కసారే తిరగాలి.

ఐదోది పౌరాణికం. స్వర్గానికి మబ్బులు కావాలి. ఆదిలాబాద్‌లో మా బంధువుల జిన్నింగ్ మిల్లు షెడ్డు నిండా దూది ఉంటుంది. అంతకంటే మబ్బులు ఎక్కడ దొరుకుతాయి? దేవత వేషానికి నా భార్యనే ఒప్పించాను. ముఖం కళగా ఉంటుంది, పారితోషికం అడగదు. అదే తెలివి అనుకున్నాను, సిగ్గులేకుండా.

ఆ మిల్లు గేటు దగ్గర బీడీలు, అగ్గిపెట్టెలు డబ్బాలో వేసి లోపలికి పోవాలి. యజమానైనా జేబులు దులపాల్సిందే. నా సిగరెట్లూ ఇచ్చాను. నా వెనకే లారీలో బొగ్గు కడ్డీలు మండించే పెద్ద ఆర్క్ లైట్లు వచ్చాయి. వాటిని ఎవరూ ఆపలేదు. మిల్లు మేస్త్రీ మాత్రం వాటినే చూస్తూ నిలబడ్డాడు.

ఆఖరి షాట్. దేవత నడుంలోతు దూదిలో నిలబడి చెయ్యెత్తి దీవించాలి. రిహార్సల్‌లో లైటు నుంచి ఒక నిప్పురవ్వ ఆమె పక్కన రాలింది. లైటుమాన్ చెప్పుకాలితో నలిపేశాడు. పొగ కూడా రాలేదు.

మేస్త్రీ నా దగ్గరికి వచ్చాడు. "దూదిల పడ్డ అగ్గి పైకి కనిపియ్యది సేఠ్. లోపల్నే తింటది. అమ్మను బైటికి రమ్మనుండ్రి, కుప్ప తిరగేసి చూస్త."

"ఒక్క షాటే ఉన్నది. రెండు నిమిషాలు ఆగు."

"రెండు నిమిషాలల్ల ఏమైతదో నాకెర్క. మీకెర్క లేదు."

నా సెట్టులో నాకే చెప్తాడా అని ఒళ్లు మండింది. నా భార్య వైపు తిరిగి, "ఇంకో రీలు లేదు, పైలం" అని హెచ్చరించాను.

కెమెరా తిరిగింది. ఆమె చెయ్యెత్తింది, నవ్వింది. కళ్లలో నీళ్లు మెరిశాయి. ఎంత బాగా చేస్తోందీ అని మురిసిపోయాను.

కట్ అన్నాను. ఆమె అక్కడే కూలబడింది. మేస్త్రీ ఉరికి ఆమెను పైకి లాగాడు. కింద దూది నల్లగా మాడి ఉంది. గాలి తగలగానే భగ్గుమంది. అందరం బయటపడ్డాం, తీసిన రీలూ మిగిలింది గానీ షెడ్డు దక్కలేదు.

ఆస్పత్రిలో ఆమె పాదాల కట్లు చూసి, భయంతో ఆమె మీదే అరిచాను. "కాల్తుంటే చెప్పొద్దా?"

"ఇంకో రీలు లేదంటిరి గద" అంది.

ఆ కాళ్లు మానడానికి ఏడాది పట్టింది. సినిమా బాగా ఆడింది. కరీంనగర్‌లో ఆ నవ్వు తెరమీదికి రాగానే జనం లేచి దండాలు పెట్టారు. ఆమె పక్కనే కూర్చున్న నేను తల ఎత్తలేకపోయాను.