ఒకైజా తాత తువ్వాలు

బుకోమ్ పేటలో ఎవరైనా ఓడిపోతున్నారనిపిస్తే చాలు, ఒకైజా తాత వాళ్ళ మీద తువ్వాలు విసిరేవాడు. బాక్సింగ్‌లో తమవాడు ఇక ఓడినట్టేనని ఒప్పుకుంటూ విసిరితే అర్థముంది. ఈయన మొగుడూపెళ్ళాల తగాదాల్లో, చేపల బేరాల్లో, చివరికి చర్చిలో కూడా విసిరేవాడు. తువ్వాలు నెత్తిన పడగానే రెండు చేతులూ అడ్డంగా ఊపి, "ఆట అయిపోయింది! ఎవరిళ్ళకి వాళ్ళు పొండి!" అని తీర్పు చెప్పేసేవాడు.

తాత ఏనాడూ పిడికిలి బిగించిన మనిషి కాదు. వీధికో బాక్సింగ్ క్లబ్బు, ఇంటికో ఛాంపియను ఉన్న పేటలో పుట్టి, గొడుగులు బాగుచేసుకుని బతికాడు. ఆయన ఆస్తల్లా అట్ట ఊడిన ఒక పుస్తకం. చేతులకు గ్లవ్స్ లేని రోజుల్లో డెబ్భై రౌండ్లు కొట్టుకున్న బార్నీ స్ట్రౌడ్ అనే ఛాంపియన్ జీవితచరిత్ర అది. బార్నీ పిడికిళ్ళు ఉప్పునీళ్ళలో నానబెట్టేవాడని చదివి, తాత వెళ్ళి చేపలు ఊరేసే ఆడవాళ్ళ తొట్టెలో చేతులు పెట్టాడు. వాళ్ళు కర్రలు తీసుకుని వెంటపడ్డారు. బార్నీ రోజూ వెనక్కి నడిచేవాడని కూడా అందులోనే ఉంది గనక, తాత వెనక్కి నడుచుకుంటూనే పారిపోయాడు.

కెంకే అనే పులిసిన మొక్కజొన్న పిండి ముద్దలు అమ్మే అమర్లేకి ఈయనంటే ఒళ్ళుమంట. ఆమెది పేటలో తిరుగులేని నోరు. ఒకరోజు చేపల బేరంలో ఊపిరి తీసుకోవడానికి ఆగిందో లేదో, నెత్తిన తువ్వాలు పడింది.

"ఏయ్ తాతా! నేనింకా మొదలే పెట్టలేదు!"

"బార్నీ కూడా అదే అన్నాడమ్మా, నలభై ఒకటో పేజీలో."

"అంటే ఏమైంది?"

"నలభై రెండో పేజీలో పళ్ళు ఏరుకున్నాడు."

ఒక ఆదివారం పాస్టరుగారు మూడు గంటలుగా సైతానుతో పోరాడుతుంటే తువ్వాలు వెళ్ళి మైకు మీద పడింది. "అంటే సైతాను గెలిచాడంటావా?" అని పాస్టరుగారు మండిపడ్డారు.

"పాయింట్ల మీదేలెండి," అన్నాడు తాత.

హోమోవో పండగకు ముందు నెల్లాళ్ళు పేటలో డప్పు మోగకూడదు, గోల చెయ్యకూడదు. కాని తువ్వాలుకి చప్పుడెక్కడిది? ఆ నెలంతా పెళ్ళాల చేత గుసగుసగా తిట్లు తినే మగాళ్ళ మీద అది మెత్తగా వచ్చి పడుతుండేది. వాళ్ళు దాన్ని దులిపేసుకుని, "ఈ ముసలాడు అడ్డురాకపోతేనా, దాని సంగతి తేల్చేసేవాణ్ణి!" అనుకుంటూ దర్జాగా బయటికి నడిచేవారు.

ఆ ఏడు పండగ వెళ్ళాక, అమర్లే కొడుకు లార్యేకి మొదటి పెద్ద పోటీ వచ్చింది, కుమాసీ ఊరివాడితో. ఆ ఉదయమే అమర్లే తాత గుమ్మంలో నిలబడింది.

"తువ్వాలు ఇటియ్యి."

"ఎందుకమ్మా?"

"అది నా కొడుకు మీద పడితే ఈ పేటలో నేను తలెత్తుకోలేను. ఇయ్యి!"

తాత ఇచ్చాడు. "జాగ్రత్తమ్మా. బార్నీ చివరి పోటీలో, వాడి తరఫున రింగు పక్కన నిలబడ్డ మనిషి పరువు కోసం తువ్వాలు విసరలేదు. తర్వాత బార్నీ పదేళ్ళు బతికాడు గాని, పెళ్ళాన్ని గుర్తుపట్టలేదు. ఆ పేజీ నాకు నచ్చదు."

"నచ్చకపోతే చింపెయ్," అని అమర్లే తువ్వాలు నడుముకు చుట్టుకుని వెళ్ళిపోయింది.

హాల్లో ఆమె, రింగులో లార్యే మూలకు వెనకే కూర్చుంది. నాలుగు రౌండ్ల దాకా పిల్లాడు బాగానే ఆడాడు. ఆరో రౌండులో ఎడమకన్ను మూసుకుపోయింది. ఏడోదానిలో తాళ్ళకి ఆనుకుని, చేతులు ఎత్తకుండా దెబ్బలు తింటున్నాడు. "నిలబడు! పేట పరువు!" అని అరుస్తున్నాడు వాడి కోచ్. లార్యే తల ఇటు వాలింది. తల్లినే చూశాడు, ఎవరో తెలియనట్టు చూశాడు. తువ్వాలు ఎప్పుడు విప్పిందో ఎప్పుడు విసిరిందో అమర్లేకే తెలియదు. అది రింగు మధ్యలో పడింది. రిఫరీ దానికోసమే చూస్తున్నట్టుంది, వెంటనే పోటీ ఆపేశాడు.

హాలంతా లేచింది. "ఎవడ్రా విసిరింది?"

అమర్లే నోరు తెరిచేలోపే వెనక బెంచీ మీద రెండు చేతులు అడ్డంగా ఊగాయి. "ఇంకెవడు? నేనే! ఆట అయిపోయింది! ఎవరిళ్ళకి వాళ్ళు పొండి!"

నారింజ తొక్కలు, చెప్పులు, ఆ తువ్వాలు, అన్నీ కలిసి తాత మొహాన పడ్డాయి. ఆయన తువ్వాలు మాత్రం పట్టుకుని, వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు లార్యే వాచిన మొహంతో తాత ఇంటిముందు చేరాడు. "ఇంకొక్క రౌండు ఉంటే వాణ్ణి పడుకోబెట్టేవాణ్ణి! అంతా నువ్వే చెడగొట్టావు!" పేటంతా అవునవునంది.

"నిజమే నాయనా. తప్పంతా నాదే," అంటూ తాత గొడుగు ఊచ సరిచేసుకుంటున్నాడు.

కెంకే, రెండు వేయించిన చేపలు పట్టుకొచ్చిన అమర్లే అక్కడే ఆగిపోయింది. కొడుకు రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు. ఓడినవాడిలా లేడు. ఇన్నేళ్ళుగా ఈ పేటలో ఎవడూ ఓడకపోవడానికి కారణం ఆమెకు అప్పుడు తెలిసింది. అందరి ఓటమీ ఈ ముసలాడే మోస్తున్నాడు. ఆమెకు సిగ్గేసింది. ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది.

"ఆగరా లార్యే! నిన్న తువ్వాలు విసిరింది తాత కాదు. విసిరింది..."

నెత్తిన మెత్తగా తువ్వాలు పడింది.

"ఆట అయిపోయిందమ్మా," అన్నాడు తాత. "చేపలు చల్లారిపోతాయి, ఇటు పెట్టు."

అమర్లే తువ్వాలు తియ్యకుండానే, పేటంతా వినబడేలా అరిచింది.

"ఈ ముసలాడు అడ్డురాకపోతేనా, ఇవాళ ఒక మాట చెప్పేసేదాన్ని!"