గ్యాస్ బిళ్ల, మా బావ

ఈ రోజు రేపల్లె నుంచి తెనాలి వెళ్లి, ఆసుపత్రిలో ఉన్న మా చెల్లెలి భర్తను చూసి వచ్చాను. మొన్న బాపట్లలో ఒక పెళ్లిలో డ్రమ్ములో నీళ్లు తాగాడు. వాంతులు, విరేచనాలతో మంచం పట్టాడు. ఒంట్లో నీరంతా పోయి కిడ్నీలు దెబ్బతిన్నాయేమోనని రక్తం పరీక్షకు పంపారు.

ఈ బావ ఏళ్ల తరబడి పొద్దున్నే టిఫిన్‌కి ముందు గ్యాస్ బిళ్ల మింగుతున్నాడు. ఏ డాక్టరూ రాయలేదు, మందుల షాపువాడు ఇచ్చాడంతే. కడుపులో ఆమ్లమే క్రిములకు మొదటి కాపలా, దాన్ని చంపుకోకు అని చాలాసార్లు చెప్పాను. నలుగురిలో నన్ను పుస్తకాల డాక్టరని వెక్కిరించాడు.

ఇవాళ నేను మంచం పక్కన ఉండగానే డాక్టరమ్మ వచ్చింది.

"రోజూ ఆ బిళ్ల వేసుకుంటే ఆమ్లం తగ్గిపోతుందండి. అక్కడ చావాల్సిన క్రిములు పేగుల్లోకి దిగుతాయి. ఎవరూ చెప్పలేదా?"

బావ సెలైన్ ఎక్కుతున్న చేతి వైపు చూసి, తర్వాత నా వైపు తిరిగాడు.

"ఏంటి బావా, ఈవిడకి నువ్వే చెప్పి పంపావా?"

పక్కనే ఉన్న చెల్లెలు నవ్వబోయి ఏడ్చింది. 'నేను ముందే చెప్పానా లేదా' అని అనాలని ఎన్నాళ్ల నుంచో దాచుకున్నాను. దాని బదులు "పడుకో బావా" అన్నాను.

గెలిచినట్టే ఉంది, ఏమీ అనిపించడం లేదు. మీ ఇంట్లోనూ ఎవరైనా డాక్టర్ని అడగకుండా ఆ బిళ్ల మింగుతుంటే, వాళ్లతో ఎలా మాట్లాడుతున్నారో చెప్పండి. నాకు చేతకాలేదు. కిడ్నీ రిపోర్టు రేపొస్తుంది.