మాన్యం చేని మట్టి

దయ్యం కథలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. మాది క్రైస్తవ కుటుంబం. మా నాన్న బతికినన్నాళ్ళు ఇంట్లో తాయెత్తు కట్టనివ్వలేదు, దిష్టి తీయనివ్వలేదు. నేను ట్రైనింగు చదివి ఎమ్మిగనూరు దగ్గర మిషన్ బడిలో పంతులుగా చేరాక, పొలిమేర చింతచెట్టు మీద దయ్యముందని ఏడ్చే పిల్లలను ఆ చెట్టు కిందికే తీసుకుపోయి ఎక్కాలు చెప్పించాను. అలాంటివాణ్ణి ఇది రాస్తున్నాను. ఎవరైనా నవ్వుకుంటే నవ్వుకోండి.

మా ఊరి పేరు రాయను. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు వదిలి లోపలికి నడవాల్సిన ఊరు అనుకోండి చాలు. ఊరి పెద్దింటాయన పేరు కూడా మార్చి సిద్ధప్ప అంటున్నాను. ఆ ఇంటివాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ మీద జాలి కొద్దీ కాదు, ఈ వయసులో కోర్టుకు తిరిగే ఓపిక లేక.

ఊరికి పడమట, వంక పక్కన ఒక నల్లరేగడి చేను ఉంది. అందరూ దాన్ని మాన్యం చేను అనేవాళ్ళు. ఎవరి మాన్యమో మాత్రం ఎవరూ అనేవాళ్ళు కాదు. సాగు సిద్ధప్ప ఇంటిది. అందులో కలుపు తీయడం, పత్తి విడిపించడం మా అమ్మ రూతమ్మ పని. అమ్మ తండ్రి, మా తాత, ఆ గట్టు మీద నిలబడినప్పుడల్లా "ఇది మనది" అనేవాడట.

తాత తల్లి ఆ ఊరికి తోటి. చాటింపు వేయడం, కచేరీకి కబుర్లు మోయడం, పంట కాయడం ఆమె ఇంటి పని. దానికి ప్రతిఫలంగా వాళ్ళకు వచ్చిన మాన్యం అది. తెల్లదొరల కాలంలో వచ్చిన ధాత కరువులో ఆమె పసివాణ్ణి చంకనేసుకుని, సర్కారు పెట్టిన కరువు పనికి రాళ్ళు కొట్టడానికి పోయింది. పోతూ, చేను కాస్త చూస్తుండమని పెద్దింటికి చెప్పిపోయింది. వానలు పడ్డాక తిరిగి వస్తే నువ్వెవరన్నారు. గట్టు ఎక్కనివ్వలేదు. ఆమె ఆ గట్టు కిందే కూర్చుంది. ఎవరూ ఒక ముద్ద పెట్టలేదు. అక్కడే పోయింది. పిల్లవాణ్ణి మిషన్ వాళ్ళు తీసుకుపోయి సాకి, కొత్త పేరు పెట్టి బాప్తిస్మం ఇచ్చారు. అతను పెద్దవాడై మళ్ళీ అదే ఊరికి వచ్చి, అదే చేనిలో కూలికి కుదిరాడు.

చిన్నప్పుడు అమ్మ ఈ సంగతి చెబుతుంటే నాకు ఏడుపు వచ్చేది. పెద్దయ్యాక కోపం వచ్చేది. ఆ కోపం ఇప్పటికీ ఉంది. దాచడం నాకు చేతకాదు.

యాభైల చివర్లో, మాన్యాలను పట్టాలుగా మార్చే ఇనాముల రద్దు చట్టం వచ్చింది. తుంగభద్ర కాలువ మా వైపు వస్తుందని, మాన్యం చేనికి నీళ్ళు పారతాయని కూడా తేలింది. అంతవరకు ఆ చేనిని ఎవరికి కావాలన్నట్టు చూసినవాళ్ళు ఒక్కసారిగా నిద్ర లేచారు. ఆదోని నుంచి అధికారి వచ్చి విచారణ చేస్తాడన్నారు. అది తోటి మాన్యమని రుజువైతే తోటి వారసులకు పట్టా. కాదు, మామూలు భూమే అని తేలితే సిద్ధప్పకు. అమ్మ అప్పటికే నడుము వంగిన మనిషి. పోయేలోగా ఆ చేనిలో కూలిదానిగా కాకుండా ఒక్కసారి విత్తనం వేయాలన్నది ఆమె కోరిక. నన్ను ఇంకేమీ అడగలేదు.

వారసులమని చూపాలంటే నాకు ఆ ముత్తవ్వ పేరు కావాలి. అది మాలో ఎవరికీ తెలియదు. తాత ఆమెను అమ్మా అని తప్ప పిలవలేదు. అమ్మకు వేరే పేరుంటుందని ఆ వయసు పిల్లవాడికి ఎలా తెలుస్తుంది?

వెతకడం మొదలుపెట్టాను. మిషన్ బాప్తిస్మం పుస్తకంలో తాత పేరు పక్కన తల్లి కరువులో మరణించిందని రాసి, పేరు వదిలేశారు. తెల్లదొరల నాటి జనాభా లెక్కల అచ్చు పుస్తకాలు ఆదోనిలో ఒక ప్లీడరు గారి ఇంట్లో చూశాను. వాటిలో ఊళ్ళున్నాయి, తలలున్నాయి, పేర్లు లేవు. ఇంటింటికీ తిరిగి రాసిన కాగితాలు లెక్క తేలాక పారేస్తారని ఆయనే చెప్పాడు. కరువుకు ముందు లెక్కలో నిండుగా ఉన్న మా ఊరు, తర్వాతి లెక్కలో సగం ఖాళీ. ఆ ఖాళీలో మా ముత్తవ్వ ఉంది. అంతకు మించి ఆ పుస్తకం చెప్పదు.

కరణం దగ్గరికి పోతే ఎవరి సాగు ఏదో రాసిన పాత అడంగళ్ళు చెదలు తిన్నాయన్నాడు. ఆ ఇంట్లో చెదలకు మా పేటవాళ్ళ కాగితాలే రుచించినట్టున్నాయి. ఆదోని తాలూకా అంతకుముందు బళ్ళారి జిల్లాలో ఉండేది కాబట్టి, పాత ఇనాం రిజిస్టర్లు బళ్ళారిలోనే ఉండిపోయాయి. అది అప్పటికి వేరే రాష్ట్రమైపోయింది. సెలవు పెట్టి గుంతకల్లు మీదుగా రైల్లో పోయి, నకలు కోసం దరఖాస్తు ఇచ్చాను. వెతికి పోస్టులో పంపుతామన్నారు. విచారణ రోజు వరకు అది రాలేదు.

సిద్ధప్ప దగ్గర మాత్రం ఒక దస్తావేజు ఉంది. కరువు నాడు తోటి హనుమడు అనేవాడు ఆ చేను పెద్దింటికి అమ్మినట్టు వేలిముద్ర. మా వంశంలో హనుమడు అనేవాడు లేడు. పైగా తోటి మాన్యం అమ్ముకునే హక్కు తోటికి లేదు. అధికారి ఆ దస్తావేజును అటూ ఇటూ తిప్పి చూసి, ఊరి పెద్దల సాక్ష్యం కూడా కావాలన్నాడు.

ఊరి పెద్దలు సిద్ధప్పకు ఎదురు చెప్పేవాళ్ళు కాదు. అయినా ఈ చేని దగ్గరికి వచ్చేసరికి సంతకానికి జంకారు. గట్టు తగాదాలకు మా వైపు ఒక పాత పద్ధతి ఉండేది. చేను నాదన్నవాడు తడిబట్టతో వచ్చి, ఆ చేనిలోనే మట్టిపెళ్ళ తవ్వుకుని, తానే తలకెత్తుకుని గట్టు చుట్టూ తిరిగి, తవ్విన గుంతలోనే దాన్ని దించాలి. అబద్ధమాడినవాడు దించలేడని నమ్మకం. సిద్ధప్ప మట్టి మోస్తే సంతకాలు పెడతామన్నారు. పాపం తమకు అంటకుండా చూసుకున్నారన్నమాట. చట్టాలు వచ్చాక కూడా ఇదేం మోత అని నేను నవ్వాను. సిద్ధప్ప కూడా నవ్వాడు. మేమిద్దరం కలిసి నవ్వింది ఆ ఒక్కసారే.

అధికారి చేను చూడటానికి వచ్చిన రోజు ఉదయమే ఆ తంతు పెట్టుకున్నారు. మంచి ఎండ. చేనిలో అమ్మ, ఇంకొందరు ఆడవాళ్ళు కలుపు తీస్తున్నారు. సిద్ధప్ప తడిపంచతో వచ్చి నిలబడ్డాడు. పార ఆయన చేతికివ్వబోతే తీసుకోలేదు. అమ్మను పిలిచి తవ్వమన్నాడు.

ఒక పెద్దాయన అడ్డుపడ్డాడు. తవ్వడం, ఎత్తుకోవడం ఆయనే చేయాలన్నాడు. దానికి సిద్ధప్ప అన్న మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది.

"మట్టి ఎత్తేకి వీళ్ళుండంగ నేనెందుకు వంగల్లప్పా?"

ఆ ఇంటి మగవాళ్ళు ఎన్నడూ మట్టి ముట్టినవాళ్ళు కాదు. తన ప్రమాణానికైనా ముట్టాలని ఆయనకు తోచలేదు. అమ్మ కొంగు బిగించి పార అందుకుంది. తవ్వింది, పెళ్ళ ఎత్తి ఆయన తల మీద పెట్టింది. ఎవరి చేను కాజేశారో వాళ్ళ ఇంటి మనిషి చేతే పెట్టించుకుంటున్నాడని నేను గట్టు మీద నిలబడి పళ్ళు నూరుకున్నాను. పెళ్ళ పెద్దదేం కాదు, నీళ్ళచెంబు అంత.

మొదటి గట్టు మామూలుగానే నడిచాడు. మూల తిరిగాక అడుగు నెమ్మదించింది. వంక పక్క గట్టు మీదికి వచ్చేసరికి మెడ కుంగిపోయి, కళ్ళు తన పాదాలనే చూస్తున్నాయి. ఎండ దెబ్బేమోనని గొడుగు పట్టబోయారు, వద్దని చేయి ఊపాడు. ఎలాగో గుంత దగ్గరికి వచ్చాడు. పెళ్ళను దించడానికి రెండు చేతులూ పెట్టాడు. రాలేదు.

ఆయన జీతగాళ్ళిద్దరు వచ్చి పట్టి లాగారు. రాలేదు. పగలగొడదామని పిడికిలితో కొడితే ఆయన కేక పెట్టాడు కానీ పెళ్ళ పగల్లేదు. అధికారి కూడా వచ్చి వేలితో నొక్కి చూశాడు. నేనూ పోయి ముట్టుకున్నాను. ఇది మాత్రం నమ్మండి, మామూలు తడిమట్టే. నా గోళ్ళ నిండా వచ్చింది, వేళ్ళ మధ్య నలిగింది. పెళ్ళ మాత్రం అణువంత తగ్గలేదు.

అప్పుడు సిద్ధప్ప మాట్లాడాడు. గొంతు మారలేదు, ఊగలేదు, పూనకం లాంటిదేమీ లేదు. తన గొంతుతోనే, ఎవరూ లేని గట్టు మూల వైపు తిరిగి బతిమాలాడు.

"ఉలిగమ్మా, దించు తల్లీ."

ఉలిగమ్మ ఎవరని అధికారి అడిగాడు. ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఊళ్ళో ఆ పేరు గల మనిషి లేదు. ముసలివాళ్ళకు కూడా తెలియదు. నాకు భయం వేసింది, ఆ మాట ఇప్పుడు చెప్పగలను.

ఎత్తినవాళ్ళే దించాలని పెద్దలు అమ్మ మీద పడ్డారు. అమ్మ కదల్లేదు. నేను పక్కకు పోయి, దించొద్దని చెవిలో చెప్పాను. ఆయన మెడ విరిగితే విరగనీ అనుకున్నాను. అమ్మ నన్ను పక్కకు నెట్టి ఆయన ముందుకు పోయి నిలబడింది.

"ఈ సేను ఎవరిదో ఆ సారుకు సెప్పు దొరా. దించుతాను."

"ఉలిగమ్మది. వాళ్ళ పిల్లోళ్ళకే ఇడ్సిపెడ్తాండ. దించు."

అధికారి ఆ మాట అక్కడే రాసుకుని, పెద్దల చేత సంతకాలు పెట్టించాడు. అప్పుడు అమ్మ ఒక్క చేత్తో, అన్నం కుండ మీద మూత తీసినంత తేలిగ్గా పెళ్ళను దించింది. తన గంపలో పెట్టుకుని పైన గుడ్డ కప్పింది. అందరూ సిద్ధప్ప చుట్టూ చేరారు. గుంత సంగతి ఎవరికీ గుర్తులేదు.

కొన్ని వారాలకు బళ్ళారి నుంచి నకలు వచ్చింది. మాన్యం ఎవరి అనుభవంలో ఉందన్న చోట, కొడుకులు లేని తండ్రి తర్వాత కూతురు తోటి ఉలిగమ్మ అని ఉంది. బడి అరుగు మీద నిలబడి, ఆ పేరు మీద వేలు పెట్టి మళ్ళీ చదివాను. ఆ పేరు ఎన్నడో ఆ ఇంట్లో ఎవరైనా అంటుంటే సిద్ధప్ప చెవిన పడి ఉండొచ్చు. మెడ నరం పట్టేసి ఉండొచ్చు. ఇవన్నీ నేనూ ఆలోచించాను. ఇద్దరు మనుషులు లాగినా రాని మట్టి ఒక ముసలామె చేతికి ఎలా వచ్చిందో మాత్రం ఎంత ఆలోచించినా తెగలేదు.

చేను మాకు వచ్చింది. అమ్మ తన చేత్తో కొర్ర విత్తింది. కాలువ నీళ్ళు కూడా చూసింది.

సిద్ధప్ప మెడ మళ్ళీ లేవలేదు. బళ్ళారి పెద్దాసుపత్రిలో ఫోటో తీసి, ఎముకలో ఏమీ లేదన్నారు. గడ్డం రొమ్ముకు ఆనించుకునే తినేవాడు. ఎదురొచ్చింది ఎవరో కాళ్ళు చూసి పోల్చుకునేవాడు. నేను ఎదురైనప్పుడల్లా చెప్పులు టపటపలాడించి నడిచేవాణ్ణి.

ఒకరోజు ఆయన భార్య మా పేటకు వచ్చింది. ఆ ఇంటి ఆడవాళ్ళు మా పేటలో అడుగు పెట్టడం అదే మొదలు. ఆ మట్టిని గుంతలో వేయలేదు కదా, అందుకే బరువు దిగలేదని ఎవరో చెప్పారట. ఎక్కడుందని అడిగింది. నాకూ అప్పటిదాకా తెలియదు. అటక మీద కుండలో ఉందని అమ్మ చెప్పింది. ఇమ్మని ఆమె ఏడ్చింది. అమ్మ ఆమెకు మంచినీళ్ళిచ్చి, కూర్చోమని చాప వేసింది. మట్టి మాత్రం ఇవ్వలేదు.

"మా జేజి ఆ గట్టుకింద కూసున్నెప్పుడు మీ ఇంట్లో ఎవురూ రాలేదు గదమ్మా. ఆయప్పను మొయ్యమను."

సిద్ధప్ప మోస్తూనే పోయాడు. తర్వాత కొన్నేళ్ళకు అమ్మ కూడా పోయింది. కుండ నా దగ్గరే ఉంది. రేగడి మట్టి ఒక్క ఎండకు ఎండి బీటలు వారుతుందని మా వైపు పిల్లవాడిని అడిగినా చెబుతాడు. ఈ పెళ్ళ ఇన్నేళ్ళయినా ఎండలేదు. ఇప్పుడు ముట్టినా గోళ్ళ నిండా తడిమట్టి వస్తుంది. 

ఈమధ్య సిద్ధప్ప కొడుకు వచ్చాడు. నా ఈడువాడే, మంచివాడే, నాకేనాడూ కీడు చేయలేదు. అతనికీ మెడ వాలడం మొదలైంది. వాకిట్లోనే నిలబడి, పంతులూ ఆ మట్టి ఇయ్యప్పా, నా చేత్తోనే గుంతలో వేసుకుంటానన్నాడు. ఆదివారాల్లో నేను చర్చిలో క్షమాపణ గురించి ప్రసంగం చేస్తాను. చేయవలసిందేమిటో నాకు తెలుసు. అటక వైపు చూశాను కూడా.

అతను నా ముఖం చూడాలని తల ఎత్తబోయాడు, చేతకాలేదు. నేను ఇవ్వలేదు.