గరిఫాలియా కడిగిన చెయ్యి

మా కొండ ఊళ్లో చనిపోయినవాళ్లు మూడేళ్లే మట్టిలో ఉంటారు. ఆ తర్వాత ఎముకలు పైకి తీసి, ఎర్రటి ద్రాక్ష సారాతో కడిగి, తెల్లగుడ్డ మీద ఎండబెట్టి, పేరు రాసిన రేకు పెట్టెలో సర్ది చర్చి వెనక గదిలో పెడతాం. ఆ కడగడం గరిఫాలియా పని. తల్లి దగ్గర నేర్చుకుంది. కూలి తీసుకోదు, ఒక రొట్టె ఇస్తే చాలు.

ఆవిడ మా పక్కింటావిడ. మేకలు కాసే ఇంట్లో పుట్టింది, కంచర గాడిదలు తోలేవాణ్ని చేసుకుంది, పిల్లలు పుట్టకముందే విధవైంది. బతికున్నవాళ్లతో ముక్తసరిగా మాట్లాడేది. చచ్చినవాళ్లతో మాత్రం కబుర్లే కబుర్లు. మా అమ్మ ఎముకలు కడుగుతూ, "ఏమమ్మా, మోకాలి నొప్పి తగ్గిందా? నీ కూతురు వంట ఇంకా నేర్చుకోలేదు, విన్నావా?" అంది. నేను ఏడవాలో కోప్పడాలో తెలియక సారా కూజా పట్టుకుని నిలబడ్డాను.

చర్చి వెనక గదిలో ఒక్క పెట్టె ఖాళీది. దాని మీద అనెస్తిస్ అని రాసి ఉంటుంది. వాడు గరిఫాలియా తమ్ముడు, బడిపంతులు. అంతర్యుద్ధం అయిపోయాక, ఓడినవాళ్ల పక్షమని వాణ్ని పట్టుకెళ్లి సముద్రం మధ్య చెట్టూ చేమా లేని ఖైదీల లంకలో పడేశారు. అక్కడే పోయాడు. ఎక్కడ పాతారో, అసలు పాతారో లేదో ఎవరూ చెప్పలేదు. పితృదేవతల శనివారం నాడు అందరూ తమవాళ్ల పెట్టెల ముందు ఉడికించిన గోధుమలు పెడితే, గరిఫాలియా ఆ ఖాళీ పెట్టెకు పెట్టేది.

వాణ్ని పంపమని సంతకం చేసిన మంత్రిది మా ఊరే. పేరు లియాండ్రోస్ వర్దాలహోస్. అప్పటికి కుర్రవాడు, పదవి కొత్త. తర్వాత ప్రధానమంత్రి అయ్యాడు. సైన్యం గద్దెనెక్కినప్పుడు తనే జైల్లో మగ్గాడు. బయటికొచ్చి మళ్లీ గెలిచి, మొదట చేసిన పని ఆ లంకల్ని మూయించడం. ఎన్నో ఇళ్లకు మనుషులు తిరిగొచ్చారు. ఆయన పేరు మీద రాజధానిలో అభిమానులు ఫౌండేషన్ పెట్టారు. ఒకప్పుడు ఒకరినొకరు కాల్చుకున్నవాళ్ల మనవలు అక్కడ ఒకే బల్ల చుట్టూ కూర్చుని రాజ్యాంగం చదువుకుంటారు. నేను వెళ్లి చూశాను.

అయినా నాకు ఆయన గొప్పదనం తెలిసింది అక్కడ కాదు. పదవి దిగిపోయిన ఏడు, ఈస్టర్ మర్నాడు, ఒంటరిగా గరిఫాలియా వాకిట్లోకి వచ్చాడు. నేను గోడ ఇవతల చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. టోపీ తీసి, మూసిన తలుపుతో మాట్లాడాడు.

"గరిఫాలియా, ఆ కాగితం మీద సంతకం నాదే. పైవాళ్లు చెప్పారనీ, రోజులు అలాంటివనీ అనను. నాదే."

తలుపు తెరుచుకోలేదు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఆయన కదల్లేదు. చివరికి లోపల్నుంచి గొంతు వినిపించింది.

"మేకలు బెదురుతున్నాయి. వెళ్లు."

వెళ్లాడు. మరుసటి ఏడు మళ్లీ వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు, చేతికర్రతో కూడా వచ్చాడు. నేను ఉండబట్టలేక అడిగేశాను. "అత్తా, దేశాన్ని ఏలినవాణ్ని వాకిట్లో ఎండబెడతావా?"

"ఎండితే ఎండనీ. నువ్వు నీ చిక్కుళ్లు చూసుకో."

ఆయన పోయాక, కోరుకున్నట్టే మా ఊళ్లో పాతిపెట్టారు. మూడేళ్లు నిండాయి. ఫౌండేషన్ అధ్యక్షుడు థ్రాసివులోస్ గారు పాలరాతి పెట్టెతో, బ్యాండు మేళంతో దిగారు. ఎముకల్ని రాజధానికి తీసుకెళ్లి ఫౌండేషన్ ముంగిట్లో ప్రతిష్ఠించాలని ఏర్పాటు. అప్పుడు మా ఫాదరుగారు అడ్డం పడ్డారు.

"ఒక మాట చెప్పి పోయాడు బాబూ. గరిఫాలియా కడిగితే కడగాలి. ఆవిడ కాదంటే మళ్లీ మట్టి కప్పెయ్యాలి. ఇంకొకరి చెయ్యి పడకూడదన్నాడు."

ఊరంతా గరిఫాలియా ఇంటివైపు చూసింది. ఊళ్లో పెళ్లిళ్లకు కూడా కట్టని కొత్త నల్ల రుమాలు తలకు కట్టుకుని, కూజా చంకన పెట్టుకుని ఆవిడ బయటికొచ్చింది.

తవ్వారు. శ్మశానం గోడ మీద కూర్చున్నవాళ్లలో ఆయన్ని తిట్టుకునేవాళ్లూ ఉన్నారు. పాపిష్ఠివాడి ఎముకలు నల్లగా వస్తాయని మా నమ్మకం కదా, అదేదో చూద్దామని వచ్చారు. ఎముకలు తేనెమైనం రంగులో వచ్చాయి. వాళ్లు కూడా టోపీలు తీశారు.

గరిఫాలియా పుర్రె కడిగింది, పక్కటెముకలు కడిగింది, కాళ్లు కడిగింది. చచ్చినవాళ్లందరితో కబుర్లాడే మనిషి ఈయనతో ఒక్క మాటా అనలేదు. కుడిచెయ్యి చివరికి ఉంచింది. వేళ్ల ఎముకలు చిన్నవి, మట్టిలో కలిసిపోతాయి. గోళ్లతో గాలించి ఒక్కొక్కటీ ఏరింది. కూజాలో మిగిలిన సారా అంతా వాటి మీదే పోసింది. ఆరేదాకా ఊదుతూ కూర్చుంది. తర్వాత తల రుమాలు విప్పి, వాటిని అందులో మూటగట్టి, నెరిసిన జుట్టుతో చర్చి వెనక గదిలోకి నడిచింది.

థ్రాసివులోస్ గారు వెంట పరుగెత్తారు. "అమ్మా, అమ్మా, మనిషిని పూర్తిగా తీసుకెళ్లాలండీ. దేశం మొత్తం ఎదురుచూస్తోంది."

"మిగతాదంతా దేశానికి పట్టుకుపో నాయనా. ఎవరు కాదన్నారు?" అంది ఆవిడ వెనక్కి తిరక్కుండా. "మా వాణ్ని పంపింది ఈ చెయ్యి. వాడక్కడ ఒంటరిగా పోయాడు. ఇకనుంచి ఇది వాడి దగ్గరే ఉంటుంది."

ఆయన బయట బ్యాండువాళ్లను వాయించొద్దని చేత్తో సైగ చేశారు.

గరిఫాలియా అనెస్తిస్ పెట్టె మూత ఎత్తింది. మూటను లోపల పెట్టి, పసివాడికి దుప్పటి సర్దినట్టు అంచులు సర్దింది. ఆ తర్వాత, ఆ పొద్దున మొదటిసారి, చచ్చినవాళ్లతో మాట్లాడే తన మామూలు గొంతుతో మాట్లాడింది.

"తమ్ముడూ, పాపం చాలా ఏళ్లు వాకిట్లో నిలబడ్డాడురా. తలుపు తీశాను."